అబిడ్స్‌లో ఓడకు సంతాప సభ

ఈ మధ్య చొక్కాలకు జేబులు కుట్టడం మానేశారు. పోయిన నెల అబిడ్స్‌లో ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా తిరిగాను. ఏ దుకాణంలో చూసినా ముందువైపు నున్నగా ఉన్న చొక్కాలే. "జేబున్నది చూపియ్యండి" అంటే సేల్స్‌మన్ నా వైపు కాస్త జాలిగా చూసి, "ఇప్పుడు గిదే నడుస్తుంది సార్" అన్నాడు. మరి పెన్నెక్కడ పెట్టుకోవాలని అడిగాను. "ప్యాంటు జేబుల పెట్టుకోండ్రి" అన్నాడు. ప్యాంటు జేబులో పెన్ను పెట్టుకుని గతుకుల రోడ్డు మీద ఆటోలో కూర్చున్న అనుభవం ఆయనకు లేదని అర్థమైంది. ఏమీ కొనకుండా బయటికి వచ్చాను. దుకాణం వాళ్లు దాన్ని పెద్ద నష్టంగా భావించినట్టు కనిపించలేదు.

మా ఆఫీసుకు జేబులేని చొక్కా మొదట వేసుకొచ్చినవాడు, ఖర్చు లెక్కలు చూడటానికి కొత్తగా చేరిన కుర్రాడు. కాబట్టి ఈ ఫ్యాషన్ మీద నా అభిప్రాయం పూర్తిగా నిష్పాక్షికమైనదని చెప్పలేను. అతనికి పెన్ను అక్కర్లేదు. అంకెలన్నీ తలలోనే ఉంటాయి. ఎవరేమడిగినా కాగితం వైపు చూడకుండా చెప్పేస్తాడు. ఆ తర్వాత నేను కాగితం తీసి చూస్తాను. సరిగ్గానే ఉంటుంది. అలా తీసి చూసే అలవాటు నాకు పోలేదు, సరిగ్గా చెప్పే అలవాటు అతనికీ పోలేదు.

మా ఆఫీసు అబిడ్స్‌లో ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉంది. కింద ప్రెషర్ కుక్కర్ల దుకాణం, పైన హోమియోపతి డాక్టరు. మధ్యలో మేం యుద్ధనౌకల పని చేస్తాం. వాటిని మేం కట్టం. కడితే ఎంతవుతుందో, కట్టేటప్పుడు ఎక్కడెక్కడ చెడుతుందో ముందుగా లెక్కగట్టి చెబుతాం. తీరంలో ఒక షిప్‌యార్డు వాళ్లు, లోతు తక్కువ నీళ్లలో తిరిగే కొత్త రకం యుద్ధనౌక ఒకటి కట్టాలనుకుని ఆ లెక్క మాకు అప్పజెప్పారు. అందులో రెండు భాగాలు. ఖర్చు ఒకటి, రిస్కు ఒకటి. రిస్కు నాది. అంటే ఇంకా జరగనివాటి గురించి బాధపడటానికి నాకు జీతం ఇస్తారు. పెళ్లికి ముందు కూడా నేనిదే పని ఉచితంగా చేసేవాణ్నని మా అమ్మ అంటుంది.

సముద్రం లేని ఊళ్లో ఈ పనేమిటని చాలామంది అడుగుతారు. మా పై అధికారి నౌకాదళంలో రిటైరైన కమాండర్. సగం జీవితం నీళ్ల మీద గడిపినా పుట్టి పెరిగింది నాంపల్లి సందుల్లో. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర సమాధానం ఉంది.

"ఓడ పక్కన నిలబడితే దాని మీద ప్రేమ పుడ్తది. ప్రేమ పుట్టినంక లెక్క తప్పుతది. గందుకే గీడ కూసున్నం."

ఆ ప్రకారం చూస్తే ఆఫీసులో అందరికంటే అర్హుణ్ని నేనే. నేనెన్నడూ యుద్ధనౌక ఎక్కలేదు. దగ్గర నిలబడి చూడనూ లేదు. మా నాన్న నల్లగొండ వైపు మెట్ట పొలం వదిలేసి నాంపల్లి స్టేషన్‌లో గూడ్సు షెడ్డు పనికి వచ్చాడు. నీళ్ల విషయంలో మా కుటుంబానికున్న అనుభవమంతా వీధిలోకి వచ్చే ట్యాంకరుతోనే. ఇంజనీరింగు చదివి, అటూ ఇటూ తిరిగి, ఈ కుర్చీలోకి వచ్చి పడ్డాను. ఇన్నేళ్లలో ఓడల గురించి ఎంత రాశానంటే, కళ్లు మూసుకున్నా ఇంజను గది నుంచి వంటగదికి దారి చెప్పగలను. కళ్లు తెరిస్తే మాత్రం కిటికీలోంచి కనిపించేది ఎదురుగా ఉన్న చీరల దుకాణం బోర్డే.

అందుకే ఆ కబురు వచ్చినప్పుడు నేను పైకి మామూలుగా ఉన్నాను. లెక్కకు ఆమోదం వచ్చాక, మా ఆఫీసు నుంచి ఒక మనిషి యార్డులోనే ఉండాలి. మొదటి స్టీలు పలక కోసిన రోజు నుంచి ఓడ నీళ్లలోకి జారే రోజు దాకా అక్కడే మకాం. మధ్యలో ఏ మార్పు వచ్చినా దానివల్ల ఖర్చెంత పెరుగుతుందో, ఏ ప్రమాదం ముదురుతుందో అక్కడికక్కడ చూసి చెప్పాలి. ఒక ఓడ పుట్టుకను దగ్గరుండి చూసే ఉద్యోగం. ఆ ఉద్యోగం నాకు ఎంత కావాలో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో మాత్రం, "పంపిస్తే పోక తప్పేటట్టు లేదు" అన్నాను.

మా ఆవిడ నాంపల్లి దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. మనిషి మొహం చూడకుండా రక్తం చుక్క చూసి సంగతి చెప్పడం ఆమె వృత్తి. మొహం చూస్తే ఇంక చెప్పేదేముంది.

"మనసుల సంచి సదురుకొని కూసున్నవ్ గదా. ఇంక తప్పేటట్టు లేదేంది?" అంది.

ఆఫీసులో కూడా అందరూ నేనే వెళతాననుకున్నారు. సరిగ్గా అప్పుడే అతను వచ్చాడు.

ఖర్చు లెక్క చూసే పెద్దాయన రిటైరైతే ఆ చోటుకు అతన్ని తీసుకున్నారు. నాకంటే బాగా చిన్నవాడు. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు వాళ్ల తాత కోస్తా నుంచి గుమాస్తా ఉద్యోగానికి వచ్చి బషీర్‌బాగ్‌లో స్థిరపడ్డాడట. ఇతను పుట్టింది ఇక్కడే. చదువయ్యాక మాత్రం తీరానికి వెళ్లి కొన్నేళ్లు ఓడలు కట్టేచోట పనిచేసి వచ్చాడు. అంటే అతను ఓడలు ఎక్కాడు. వాటి పొట్టల్లోకి దిగాడు. ఒకసారి ఓడ నీళ్లలోకి జారుతుంటే దాని మీదే నిలబడి ఉన్నాడట. ఇదంతా మొదటి రోజే మధ్యాహ్న భోజనం దగ్గర తెలిసింది. నేను అడగలేదు. అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు.

"గురువుగారూ, మీ గురించి చాలా విన్నానండీ" అన్నాడు నాతో.

"ఎవరు చెప్పిన్రు?"

"అందరూనండీ."

"ఎవరో ఒకరి పేరు చెప్తే జర నమ్మేటోణ్ణి."

పగలబడి నవ్వాడు. నా జోకులకు నవ్వుతాడు, అదీ అతనితో ఇబ్బంది. మన జోకులకు మనస్ఫూర్తిగా నవ్వే మనిషి మీద అసూయ పడటం అంత తేలిక కాదు. అయినా పట్టుదలతో సాధించాను.

దీనికి చాలామంది సాయపడ్డారు. నాంపల్లిలో నేను రోజూ సాయంత్రం చాయ్ తాగే ఇరానీ హోటలు ఒకటుంది. గల్లాలో కూర్చునే పెద్దమనిషి ఇన్నేళ్లుగా నన్ను చూసి తల కూడా ఎత్తడు. ఎన్ని చాయ్‌లో వేలు చూపిస్తే టోకెన్ బిళ్ల పడేస్తాడు, అంతే. ఇతన్ని ఒక్కసారి వెంట తీసుకుపోయాను. రెండోసారికి "ఆవో మియా, ఆవో" అని లేచి నిలబడ్డాడు. చాయ్ మీద మలాయి కూడా వచ్చింది. నా కప్పులోకి తొంగి చూశాను. చాయే ఉంది.

ఇక్కడ మా పని సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

కొత్త కారు చేసేవాళ్లు ముందు ఒకటి చేసి, గోడకు గుద్ది చూసి, దాన్ని పారేసి, ఆ తర్వాత అసలుది చేస్తారు. యుద్ధనౌకకు ఆ సౌకర్యం లేదు. మొదటిదే అసలుది. దాని బొమ్మ గీసేనాటికి దాని నెత్తిన పెట్టవలసిన రాడార్ ఇంకా ఏదో ప్రయోగశాలలో తయారవుతూ ఉంటుంది. దాని బరువెంతో దాన్ని చేస్తున్నవాళ్లకే తెలియదు. అయినా మేం దానికి చోటు వదలాలి. ఇంజను పరాయి దేశం నుంచి రావాలి, వాళ్ల అనుమతి కాగితం ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. ఇక కేబుళ్లు. బొమ్మలో ఎంత పొడవు గీసినా, ఓడలోకి వచ్చేసరికి ప్రతి మూలా తిరిగి ఇంకొంత పెరుగుతాయి. స్టీలు కోయకముందు వచ్చిన మార్పును రబ్బరుతో తుడిచేయొచ్చు. కోశాక అదే మార్పుకు గ్యాస్ కట్టరు కావాలి. గడువుకు కచ్చితంగా పూర్తయ్యే భారీ నిర్మాణం నాకు తెలిసి ఒక్కటే, అది ఏటా ఖైరతాబాద్‌లో నిలబడే గణపతి.

ఈ గండాలన్నింటినీ ఒక పట్టికలో పెట్టి, ఏది జరిగే అవకాశం ఎంత, జరిగితే దెబ్బ ఎంత అని చూసి రంగులు వేయడం నా పని. ఆకుపచ్చ అయితే పర్వాలేదు, పసుపు అయితే కనిపెట్టి ఉండాలి, ఎరుపు అయితే ఇప్పుడే ఏదో చెయ్యాలి. నా పట్టిక ఎప్పుడూ సుల్తాన్ బజార్‌లో పెళ్లి బట్టల దుకాణంలా ఉంటుంది.

ఇలా తెలియనివాటి కోసం లెక్కలో అదనంగా కొంత పెట్టుకుంటాం, బరువులోనూ, ఖర్చులోనూ. పుస్తకాల్లో దానికి వేరే పేరుంది. మా ఆఫీసులో దాన్ని దిండు అంటాం. ఆ పేరు పెట్టింది నేను. కింద పడ్డప్పుడు తల పగలకుండా ఉంటుందని పెట్టాను. అతను వచ్చిన నెలకే ఆ మాటను యార్డువాళ్ల ముందు వాడాడు. వాళ్లకు చాలా నచ్చింది. "భలే మాట కనిపెట్టారండీ" అని అతనికి కరచాలనం చేశారు. అతను వెంటనే నా వైపు చెయ్యి చూపించి, "ఇది గురువుగారి మాటండీ" అన్నాడు. అలా చెప్పకపోయి ఉంటే ఎంత బాగుండేది. కోపం తెచ్చుకోవడానికి నాకంటూ ఏదో ఒకటి మిగిలేది.

గురువారం సంగతి కూడా చెప్పాలి. మా కమాండర్ గారు పెట్టిన ఆచారం అది. గురువారం భోజనాలయ్యాక అందరం పెద్ద బల్ల చుట్టూ కూర్చుంటాం. ఇంకా పుట్టని ఓడ చచ్చిపోయిందనుకుని దానికి సంతాప సభ జరుపుతాం. ఒక్కొక్కరు లేచి అది ఎలా చచ్చిందో చెప్పాలి. చెడుతుందేమో అని అడిగితే ఎవడూ నోరు తెరవడు, చెడిపోయింది ఎందుకు అని అడిగితే ప్రతివాడికీ ఒక కారణం గుర్తొస్తుంది, అదీ ఆయన నమ్మకం. మొదట్లో కొంచెంసేపు మౌనం పాటించేవాళ్లం కూడా. సమోసాలు వచ్చేదాకా.

సంతాప సభల్లో నాకు తిరుగులేదు. ఒకసారి గేర్‌బాక్సు వల్ల చంపాను. ఒకసారి వెల్డర్లకు కొత్త రకం స్టీలు అలవాటు కాక చంపాను. ఒకసారి ఎవరి తప్పూ లేకుండా, అందరూ మీటింగులో ఉండగా చంపాను. ఆ రోజు నవ్వి నవ్వి అకౌంట్సు ఆమెకు పొలమారింది. మనిషికి జీవితంలో ఏదో ఒక వేదిక ఉండాలి. నాకు ఆ బల్ల ఉండేది.

అతను వచ్చాక రెండో మూడో గురువారం. అతని వంతు వచ్చింది.

"నేను పనిచేసినచోట జరిగింది చెబుతానండీ" అని మొదలుపెట్టాడు. "ఆ ఓడకి పెద్ద తప్పేమీ జరగలేదు. వంటగదిలో పెనం చిన్నదైందన్నారు, పెద్దది పెట్టాం. స్తంభం మీద ఇంకో యాంటెన్నా కావాలన్నారు, పెట్టాం. ఒక గదిలో బల్ల, ఇంకో గదిలో బీరువా. ప్రతిదానికీ ఒకాయన అడిగాడు, ఒకాయన సంతకం పెట్టాడు. అన్నీ చిన్నవే. ఓడని నీళ్లలోకి దింపాం. నీళ్లు ఇంతవరకే రావాలని పక్కన ఒక గీత గీస్తారు చూడండి, ఆ గీత కనపడలేదు. నీళ్ల కిందకి పోయింది. అప్పుడు మా పెద్దసారు ముందు ఎవర్ని పిలిచారో తెలుసాండీ? పెయింటర్ని. గీత తప్పు గీశావేమిట్రా అని తిట్టారు."

అందరూ ఘొల్లుమన్నారు. తర్వాత నవ్వు ఆగింది. ఎవరూ మాట్లాడలేదు. కమాండర్ గారు సమోసా పట్టుకుని అలాగే ఉండిపోయారు.

నా సంతాపాలకు నవ్వారు, నిజమే. నవ్వు తర్వాత నిశ్శబ్దం మాత్రం నాకెన్నడూ దొరకలేదు. ఆ కథ నాది కావలసింది. నాది కావాలంటే నేను యార్డులో ఉండి ఉండాలి. కుక్కర్ల దుకాణం మీద కూర్చుంటే పెయింటరు ఎక్కడి నుంచి వస్తాడు?

ఆ రోజు నుంచి యార్డుకు వెళ్లే మనిషి గురించి ఆఫీసులో మాట మారింది. "మీరే పోతారు కదా" అనేవాళ్లు "ఎవరు పోతారంటవ్ అన్నా?" అనడం మొదలుపెట్టారు.

ఇలా ఉండగా యార్డువాళ్లు మా మొదటి లెక్క చూసి వెళ్లారు. అతని ఖర్చుల భాగాన్ని మెచ్చుకుంటూ, "ఇది యార్డు చూసిన మనిషి లెక్క" అన్నారు. నా భాగం తిరగేసి, "ఇది బాగా భయపడే మనిషి లెక్క" అన్నారు. నిజానికి రెండూ పొగడ్తలే. నా చెవిలో మాత్రం అవి అలా పడలేదు.

నేను మళ్లీ లెక్క ముందు కూర్చున్నాను. యార్డుల్లో పనిచేసినవాళ్ల అలవాటు ఒకటి నాకు తెలుసు. దిండును వాళ్లు బయటికి కనపడనివ్వరు. స్టీలు బరువులో దాచేస్తారు. కోతలో ఇంత వృథా పోతుంది, అతుకుల్లో ఇంత పోతుంది అంటూ కొంచెం కొంచెం పెంచి, ఆ వృథాలో దిండు పెట్టుకుంటారు. ఇతనూ ఆ నీళ్లు తాగినవాడే కదా. ఇతని స్టీలులో దిండు ఉండి తీరుతుంది. అక్కడొకటి, నా దగ్గరొకటి ఉంటే ఒకే తలకు రెండు దిళ్లు. అందుకని రాడార్ బరువు కింద పెట్టిందీ, కేబుళ్ల కింద పెట్టిందీ నేను తీసేశాను. పట్టికలో ఎరుపులు పసుపులయ్యాయి, పసుపులు పచ్చగా మారాయి. వానాకాలం తర్వాత పొలంలా కళకళలాడింది. ఇప్పుడు భయపడే మనిషి ఎవరో చూద్దాం అనుకున్నాను.

తర్వాతి గురువారం సంతాప సభలో కమాండర్ గారే ముందు లేచారు. ఎన్నడూ అలా లేవరు.

"ఇయ్యాల ఓడ ఎట్ల సచ్చిందో నేనే చెప్త. సగం కట్టినంక పైసలైపోయినయి. రాడార్ బరువు పెరిగింది, సర్దేటందుకు జాగ లేదు. కేబుల్ సరిపోలేదు, తెప్పిచ్చేటందుకు పైకం లేదు. తలకాయ నేలకు తగిలింది. నేనొక్కటే అడుగుత. దిండు ఏడున్నది?"

నేను అతని వైపు చూశాను. అతను నా వైపు చూశాడు. ఒకరినొకరు చాలా మర్యాదగా చూసుకున్నాం.

"స్టీలుల ఉన్నది కదా సార్" అన్నాను.

"స్టీల్లో లేదండీ" అన్నాడు అతను.

"లేదా?"

"తీసేశానండీ."

"ఎందుకు తీసినవ్?"

"మీ దగ్గర ఉందిగా గురువుగారూ!"

బల్ల చుట్టూ ఎవరూ సమోసా ముట్టలేదు. కమాండర్ గారు ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టారు. "ఈయనకు ఆయన దాసుకుంటడని నమ్మకం. ఆయనకు ఈయన భయపడ్తడని నమ్మకం. ఇద్దరూ ఒకరి మీదొకరు మస్తు భరోస పెట్టుకున్నరు. ఓడకు మాత్రం ఏం లేదు. ఎట్లయింది గిట్ల?"

అతను లేచి నిలబడ్డాడు. "నేను తీసేశాను సర్. గురువుగారి లెక్కలో ఉంటుంది కదా అనుకున్నాను. ఆయన్ని అడగలేదు. నాదే తప్పు." అని కూర్చున్నాడు. అంతే. నీళ్ల గ్లాసు కూడా ముట్టుకోలేదు.

తర్వాత నేను లేచాను. మార్కరు తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లాను. యార్డుల్లో స్టీలు అంచనాల ఆనవాయితీ గురించి, వృథా శాతం వెనక ఉండే మనస్తత్వం గురించి, ఒకే ప్రమాదాన్ని రెండుచోట్ల లెక్కించడంలోని అపాయం గురించి వివరించాను. బొమ్మ కూడా గీశాను. నేను చెప్పినదాంట్లో తప్పు ఒక్కటీ లేదు. అంతా విని కమాండర్ గారు "ఔ" అన్నారు. ఆ "ఔ" చాలా పొట్టిగా ఉంది.

తప్పు ఇద్దరిదీ ఒకటే. అతను చేసినది మాత్రం చూడటానికి బాగుంది.

ఆ తర్వాత అతనూ నేనూ ఒకే బల్ల దగ్గర కూర్చుని లెక్కంతా మళ్లీ కట్టాం. దిండునంతా ఒకేచోట, అందరికీ కనపడేలా, ఎందుకెంతో రాసి పెట్టాం. అందులోంచి ఎవరు తీయాలన్నా రెండోవాడు సరేననాలి. రాడార్‌కు ఎంత ఉంచాలన్న దగ్గర వాదన పడింది. అతను తక్కువ చాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. రాడార్ పుట్టేలోపు బరువెక్కి తీరుతుందని పట్టుబట్టాను. చివరికి నా అంకే ఉంచాం. అతనితో పనిచేయడం సుఖంగా ఉందని కూడా ఇక్కడ చెప్పాలి. చెప్పాను, ఇక ముందుకు పోదాం. ఆ లెక్కకు ఆమోదం వచ్చింది.

వచ్చిన మర్నాడు కమాండర్ గారు నన్ను గదిలోకి పిలిచారు. తలుపు దగ్గరికి వేయమన్నారు. మంచి వార్తలకు మా ఆఫీసులో తలుపు వేసే అలవాటు లేదు.

"యార్డుకు ఆయనను పంపుతున్న" అన్నారు.

"మంచిది సార్."

"మంచిది గాదు నీకు. తెల్సు నాకు. గాని నువ్వు గీడ ఉండాలె. నీ భయం నాకు అవసరం."

"భయం యాడికన్న తీస్కపోవచ్చు సార్. సంచిల పడ్తది."

ఆయన నవ్వలేదు. "ఇగో చూడు. గాడ రోజుకొక తప్పయితది. తప్పైన రోజే నాకు ఫోన్ రావాలె, తప్పైంది సర్ అని. నువ్వూ జేస్తవ్. గాని నువ్వు ముందుగాల కారణం చెప్తవ్. కారణం అయిపోయేటాళ్లకు ఇంకో పలక కోస్తరు."

దానికి నా దగ్గర ఒక మంచి సమాధానం ఉండింది. మొదలుపెడితే కొంచెం పొడుగయ్యేటట్టు ఉందని ఊరుకున్నాను.

వెళ్లే ముందు రోజు సాయంత్రం అతను నన్ను నాంపల్లి హోటలుకు తీసుకుపోయాడు. చాయ్ తాగుతూ, "గురువుగారూ, అక్కడినుంచి నేను పంపే లెక్కల్ని మీరు నమ్మకండి" అన్నాడు.

"ఎప్పుడు నమ్మిన?"

మళ్లీ అదే నవ్వు. జోకనుకున్నాడు. లేచి బిళ్ల డబ్బులు కట్టబోతే గల్లా పెద్దమనిషి తీసుకోలేదు. "యార్డుకు పోతున్నవంట, ఖుషీగ పో" అన్నాడు. ఆయనకు యార్డు సంగతి ఎవరు చెప్పారో నాకు తెలియదు. నేనైతే ఇన్నేళ్లలో నేను చేసే పనేమిటో కూడా చెప్పలేదు. అడగలేదు కాబట్టి.

స్టీలు కోశారు. ఇప్పుడు గురువారం సంతాప సభకు అతను ఫోన్లో హాజరవుతాడు. వెనకాల సుత్తి దెబ్బలు, గాలి హోరు, ఎవరో ఎవర్నో కేకేయడం వినిపిస్తుంటాయి. మా వైపు నుంచి అతనికి వినిపించేది మెట్ల మీద కుక్కరు అట్టపెట్టెల చప్పుడు. కొన్ని వారాల కింద రాడార్ చేసేవాళ్లు కొత్త బరువు పంపారు. పెరిగింది. నేను చెప్పినంతే పెరిగింది. ఆ కబురు అతను అదే గంటలో ఫోన్ చేసి చెప్పాడు. ఆ గురువారం కమాండర్ గారు అందరి ముందూ మెచ్చుకున్నారు, "చూసిన్రా, అప్పటికప్పుడు చెప్పిండు." పెరిగిన బరువు మేం ఉంచిన దిండులో సరిపోయింది. ఓడకు ఏమీ కాలేదు. దిండు నాది, హాయిగా నిద్రపోయింది అతను.

అతను ఫోన్లో, "గురువుగారి అంకె వల్ల బతికామండీ" అన్నాడు. బల్ల చుట్టూ తలలూపారు. ఎంత మంచి కుర్రాడో అన్నట్టు ఊపారు.

మొన్న ఆదివారం మా ఆవిడతో సుల్తాన్ బజార్ వెళ్లాను. దుప్పట్లు కావాలంది. దుకాణదారు ఒక ధర చెప్పాడు, ఈమె అందులో సగం చెప్పింది, ఇద్దరూ ఒకరినొకరు అవమానించుకునే దశలో ఉన్నారు. నేను స్టూలు మీద కూర్చున్నాను. ఫోన్‌కు ఫోటో వచ్చింది. యార్డు నుంచి.

ఓడ పొట్ట భాగం లేచింది. ఇంకా రంగు లేదు, తుప్పు రంగులో ఒక మేడంత ఎత్తున ఉంది. ఇన్నాళ్లూ నేను కాగితం మీద గీతలుగా చూసిన పక్కటెముకలు నిజంగానే పక్కటెముకల్లా వంగి ఉన్నాయి. వెనక కొంచెం సముద్రం. ముందు అతను, పసుపు హెల్మెట్ పెట్టుకుని, ఒక చెయ్యి ఓడ మీద ఆనించి. గేదె వీపు మీద చెయ్యేసినట్టు. కింద రాశాడు, "మన ఓడ, గురువుగారూ."

ఫోటోను వేళ్లతో పెద్దది చేశాను. ముందు అతుకులు చూశాను. బాగానే ఉన్నాయి. పలకల వరస చూశాను. తిన్నగానే ఉంది. అతని మొహం దగ్గరికి వచ్చాను. ఎండకు కొంచెం నల్లబడ్డాడు, అదీ అతనికి నప్పింది. ఇంకా పెద్దది చేశాను. అప్పుడు కనిపించింది. హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించలేదు. వేలాడుతోంది.

"ఇగో, ఇటు చూడు" అన్నాను మా ఆవిడతో, ఫోన్ ఆమె మొహం ముందు పెట్టి. "పట్టీ పెట్టుకోలె. గంత ఎత్తు ఓడ కింద నిలబడి పట్టీ పెట్టుకోలె. యార్డుల మొట్టమొదటి నియమం గది. నేనైతే పట్టీ లేకుండ గేటు గూడ దాటకపోదును. గీ ఒక్క సంగతి చాలు. గిసొంటోణ్ణి నమ్ముకొని గంత పెద్ద ఓడ..."

ఆమె దుప్పటి ఒక చేత్తో పట్టుకునే ఫోన్ వైపు చూసింది. ఫోటో చూసింది. తర్వాత ఫోటో పట్టుకున్న నన్ను చూసింది. దుకాణదారు కూడా బేరం ఆపి చూశాడు.

"నీకు ఓడ మునుగుతదని ఫికర్ లేదు" అంది మా ఆవిడ. "గాయన మునుగుతలేడనే నీ ఫికర్."